ఇప్పపూల వేళ

గుణుపురం దాటాక, కొండవాలులో,
తబిత గొమాంగో నాకంటే ముందే లేచింది.
చెట్టు కింద ఎండుటాకులు
నిన్న సాయంత్రమే ఊడ్చి ఉంచింది.

పర్లాకిమిడి నుంచి వచ్చిన బోధకుణ్ణి,
సంచిలో ఎర్రసిరా గీతల గ్రంథం.
ఓపిక చాలక కొమ్మ పట్టి ఊపాను.
మొగ్గలు రాలాయి. వగరు.

"ఊపితే ఏటి లాభం పాస్టరుగోరూ?
పండిందైతే అదే రాల్తాది.
మనం నేల ఊడ్సుకోవాల, అంతే."

ఆమెకు అక్షరం రాదు.
ఆదివారం విన్న ఒక్క వాక్యాన్ని
శనివారం దాకా బుగ్గన పెట్టుకుంటుంది,
కరగనిస్తుంది.

టప్.
చీకట్లో ఎక్కడో. మళ్లీ టప్.

ఆ రాత్రి ప్రసంగం రాయలేదు.
వ్యాఖ్యానాల కట్ట మంచం కిందికి తోసి
ఒక్క వచనం ముందు కూర్చున్నాను.

వంశధార మీద తెల్లారింది.
ఏమీ రాలలేదు.
నేల మాత్రం శుభ్రంగా ఉంది.