పలుగురాయి

మౌలాలి గుట్ట కింద, రెండో అంతస్తు.
గోడలకు కోడిగుడ్ల అట్టలు.
రికార్డింగు మొదలైతే ఫ్యాను బందు.
మే నెల.

లినక్స్ డబ్బాకు రెండు సౌండు కార్డులు.
ఒకటి కొత్తది, కిస్తులు ఇంకా నడుస్తున్నయి.
ఇంకోటి కోఠిల, గుజరాతీ గల్లీల
తూకానికి అమ్మేటోడు కనికరించి ఇచ్చింది.
ఎడమ మైకులు దీనికి, కుడి మైకులు దానికి.
ఒక్కోదాని కడుపుల పలుగురాయి తునక,
బియ్యపుగింజంత.
సెకనుకు నలభై ఎనిమిది వేలు లెక్కవెట్టాలె.

లెక్కవెడతయి, ఒట్టేసుకున్నట్టు.
పాతదానికే ఉక్కపోత పడదు,
సెకనుకు మూడు మరిచిపోతది.

మూడే గదా అనుకున్న.

బార్కస్ నుంచి అవద్ సాబ్ దళం వచ్చింది.
ఆరు మర్ఫాలు, ఒక స్టీలు బిందె.
నలభై నిమిషాలు ఆపకుంట కొట్టిన్రు.
రాత్రి హెడ్‌ఫోన్ల విన్న:
మొదట్ల ఒక్కటే బరాత్.
ఆఖరికి రెండు గల్లీలల్ల రెండు బరాత్‌లు,
ఇద్దరు పెండ్లికొడుకులు.

ఏడు వేల రెండు వందల శాంపిళ్ల ఎడం.
టెర్మినల్ ముందట తెల్లారింది.
దీనికో ప్రోగ్రాం ఉన్నది,
జారిన కాడల్లా
లేని చప్పుడును ఊహించి పూడుస్తది.
మంచిగనే పనిచేసింది. తీసేసిన.
కొట్టని దెబ్బను
అవద్ సాబ్ ఖాతాల ఎట్ల రాస్త?

వారానికి మళ్ల పిలిచిన.
ఈసారి నూట ఇరవై రూపాయల తీగ,
దీని వీపు నుంచి దాని వీపుకు.
సెట్టింగులల్ల పాతదానికి చెప్పిన:
నీ రాయి పక్కకు వెట్టు,
దాని రాయి విను.
ఎర్ర లైటు కొట్టుకున్నది, కొట్టుకున్నది,
పచ్చగ నిలిచింది.
అవద్ సాబ్ వంగి చూసిండు.
"ఒప్పుకున్నదా?" అన్నడు,
పాత పంచాయితీ తెగినట్టు.

మళ్ల నలభై నిమిషాలు. మళ్ల చెమటలు.
రాత్రి తెరమీద పెద్దగ చేసి చూసిన.
కార్డుల నడుమ వెంట్రుకవాసి తేడా లేదు.
అయినా అవద్ సాబ్ మర్ఫా
ప్రతి వరుస కొసకు
ఇరవై మిల్లీసెకన్లు వెనక.

తీగ పీకి మళ్ల వెట్టిన. పాతదాన్ని తిట్టిన.
అనుమానమొచ్చి
మొదటి రికార్డింగు, మొదటి నిమిషం తీసిన,
జారుడు ఇంకా మొదలే గాని కాడ.
గాడ గూడ
అదే కొస, అదే ఇరవై.

ఇది రాయిది గాదు.
మణికట్టుది.

మౌస్‌తోటి పట్టుకొని ముందుకు జరపొచ్చు,
చిటికెల పని.
చెయ్యి తీసిన.
లేచి ఫ్యాను వేసిన.