వేట సంచికి తోలు

భోలక్‌పూర్ల మనిషికన్న ముందు వాసన లేస్తది.
ఉప్పు, సున్నం, నిన్నటి వాన.
హబీబ్ భాయ్ గోదాం షట్టరు సగమే ఎత్తి
"వంగి రా అక్కా" అంటడు,
తోలు కాడికి ఎవరైనా వంగే రావాలన్నట్టు.

మురహరిరావు సారు ఇచ్చిన ఫొటో నా చేతిల ఉన్నది.
జీపు మీద కాలు పెట్టి ఆయన తాత,
భుజానికి సంచి,
సంచి మూత కిందికెళ్లి
కౌజుపిట్ట కాలొకటి బయటికి చాపి.
"అచ్చం గిట్లనే కావాలమ్మా, పైసల సంగతి చూడకు.
అసలుదాన్ని చెదలు తిన్నయి."
తుపాకి ఠాణాల అప్పజెప్పి ముప్పై ఏండ్లాయె.
మరి సంచి ఎందుకని నేనడగలే.
హిమాయత్‌నగర్ ఫ్లాటుల
గోడకు మేకు అప్పుడే కొట్టిపెట్టిండట.

ముందుగాల క్రోము తోలు పరిచిండు హబీబ్.
నున్నగ, ఒక్క మచ్చ లేకుంట,
పెండ్లి ఆల్బంల మొఖం లెక్క.
గోరుతోని గీకిన. గీత పడలే.
గీత పడని తోలు నాకెందుకు,
దానికి ఏదీ యాదికుండదు.

గొర్రెతోలు మెత్తన.
నాలుగు తూటాల బరువుకే జారిపోతది.
పొట్ట తోలు వద్దన్న:
తిన్ననాడూ పస్తున్ననాడూ దాన్నే గుంజినయి, ఇంక సాగుడు తప్ప దానికేం రాదు.
మెడ తోలు మడిచి చూసిన,
కాడి ఒరుసుకున్న చోట అరచెయ్యంత కాయ.
ఆరె దిగదు.
ఆ దున్న ఎవరి బండి గుంజిందో.

అన్నిట్ల అడుక్కు ఉన్నదొక చుట్ట.
"గది పాతది అక్కా, సిద్దిపేట దిక్కు ఒక ముసలాయన
ఇంకా లంద పెడ్తడు. సాలుకు పది తోళ్లు."
తంగేడు చెక్కల ఊరిన బర్రెతోలు.
విప్పంగనే కాగిన బెల్లం రంగు.
ముక్కు దగ్గర పెట్టుకున్న,
మా బాలనర్సు తాత బనీను వాసన.
ఎడమ డొక్క మీద ముండ్లకంచె గీరిన గీత
మాని, ఉబ్బి, ఈత మట్ట లెక్క.
"గది కోసి పారెయ్" అన్నడు హబీబ్.
"మూత మీదికి అదే వస్తది" అన్న.

ఫొటో మళ్ల చూసిన.
అంచుకు, సగం తెగి, ఒక చెయ్యి. చేతిల డప్పు.
మనిషి లేడు.
అది మా తాత చెయ్యేనని ఒట్టేసి చెప్పలేను.
అయి ఉంటది. కాకుండనూ ఉంటది.
హాకా కొట్టినోళ్లకు ఫొటోలల్ల మొఖాలుండవు.

తాత చెప్తుండె:
అడివికి ఈ దిక్కు మేం, ఆ దిక్కు తుపాకి.
మోత వింటె పిట్ట లేస్తది,
లేచిన పిట్ట పడ్తది,
మాకు ఈకలు.
ఒక్కసారి, ఒకే ఒక్కసారి
తుపాకి నింపకముందే దరువేసిండట.
చేతికి తిమ్మిరెక్కింది దొరా అన్నడట.
ఆ రాత్రి వీపు మీద పడ్డ దెబ్బల లెక్క
మాకు ఎన్నడూ చెప్పలే.
ఎగిరిపోయిన పిట్టల లెక్క చెప్పిండు,
నలభై రెండు.

పట్టీకి వీపు తోలు గీసిన, సుద్దముక్కతోని.
రెండు వేళ్ల వెడల్పు, సాగదు, తెగదు.
అస్తరుకు గుడ్డ వేస్తరు అందరు.
నేను పక్క కుప్పల చెయ్యి పెట్టి
పల్చటి మేకతోలు ఏరుకున్న,
చెవి దగ్గర పట్టి, చిటికెనవేలుతోని కొట్టి.
ఇది కాదు.
ఇదీ కాదు.
ఆ, ఇది.
సంచి లోపల దాన్ని బిగువుగ గుంజి కుడ్త,
నిప్పుసెగకు చూపి మరీ.
సారుకు తెల్వదు.
ఏ నడి మధ్యాహ్నమో ఎవరన్న తలుపు ధడాల్న వేస్తె
మేకుకున్న సంచి గోడకు తగిలి
ఒక్క దెబ్బ పలుకుతది, లోపట్నుంచి.
బాల్కనీల పావురాలు లేచిపోతయి.
ఎందుకు లేచినయో సారు
గాలి దిక్కు చూస్తడు.

హబీబ్ అడుగులు కొలిచి కాయితం మీద రాసిండు.
"మచ్చ ఉన్నది కద, రెండు నూర్లు తగ్గిస్త."
"తగ్గించకు భాయ్" అన్న.
"బిల్లుల మచ్చ ధర వేరే రాయి.
సారు పైసల సంగతి చూడకన్నడు."