రెండు చాపల వెచ్చన

పాలకొల్లులో నేలకింద వేడి పెట్టమని అడిగిన మనిషి
నా ఎరుకలో ఆవిడొక్కతే.
సిమెంటు కొట్టు దగ్గర విన్నవాళ్లు నవ్వారు:
"మే నెల్లో మా ఇంటికి రమ్మను, ఊరికినే ఇస్తాం."

పదకొండేళ్లు సిమ్లా హోటళ్లలో
పలకరాళ్ల కింద గొట్టాలు పరిచి వచ్చినవాణ్ణి.
పేరు గెడ్డం ప్రభుదాసు.
ఇక్కడ మంచు మేస్త్రి అంటేగాని తెలీదు.

కుసుమకుమారి టీచరు నవ్వలేదు.
ముప్పై ఏళ్లు బళ్లో కుట్లు నేర్పింది.
చక్కెర జబ్బు పాదాల్ని
వేలు వేలుకీ దారం తెంపుకుంటూ పోతే
మిషను పెడలు మీద కాలుందో లేదో
వంగి కళ్లతో చూసుకుని తొక్కుతోంది.
"పుష్యమాసం పొద్దున ఈ గచ్చు, ప్రభుదాసూ,
చల్లగా ఉందని తెలీదు. సలుపుతోందని తెలుస్తుంది."

కరెంటు చాపా, వేణ్ణీళ్ల గొట్టమా?
చాప సుళువు. పరిచి తీగ కలపడమే.
తుపానొస్తే మాత్రం మన లైను మూడ్రోజులు పడుకుంటుంది.
గొట్టం ఖరీదు. కానీ మేడ మీద సోలారు డ్రమ్ముంది,
చిన్న మోటారుకి ఇన్వర్టరు చాలు.
లెక్క రాసిస్తే
ఎర్రసిరాతో నా కూడిక దిద్దింది.
ఇల్లంతా వద్దంది.
మిషను కింద ఒక చాపంత, మంచం పక్కన ఒక చాపంత.

గచ్చు పగలగొడితే జానెడు లోతులోనే చెమ్మ.
కాలవనీళ్లు తాగి పెరిగిన నేల ఇది,
ఎంత వేడి పోసినా కిందికి గుటకలేస్తుంది.
ముందు ఆ దారి మూయాలండి అన్నాను.
వాళ్ల తమ్ముడు రొయ్యల కంపెనీ నుంచి
పాత థర్మాకోలు పెట్టెలు ఆటో నిండా దింపాడు.
వాసన సంగతి అలా ఉంచండి,
బొటనవేలితో నొక్కితే గుంట.
వెనక్కి పంపాను. వారం నాతో మాట్లాడలేదు.

గట్టి షీటు వేసి, దాని మీద గొట్టం
సుడి తిరిగి మధ్యకెళ్లి, సుడి తిరిగి బయటికి.
టీచరు కుర్చీలోంచి చూస్తూ
"గొలుసుకుట్టులా ఉంది" అంది.
నీళ్లు పట్టించి, ముల్లు పడిపోతుందేమోనని
ఆ రాత్రి మీటరు పక్కనే పడుకున్నాను.
పడలేదు.

మాలు పోశాక ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి.
పచ్చినేలకి సెగ తగిలితే బీటలిస్తుంది.
రోజూ ఫోను: "ఇంకా ఎన్ని?"

మా నాయనమ్మ మంత్రసాని.
బాలింత మంచం కింద కుంపటి పెట్టి
నులక సందులోంచి చెయ్యి దూర్చి చూసేది.
తల్లి ఒళ్లెరగక నిద్రపోతుంది,
బిడ్డకి మాట రాదు,
చెప్పాల్సింది చెయ్యే, అనేది.
అందుకే మర ఇరవై ఏడు దగ్గర బిగించేశాను.
ఇంకొంచెం పెంచమని బతిమాలింది.
"కాలినా మీ పాదం చెప్పదండి" అన్నాను.
అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది.

మొదటిరోజు చెప్పుల్లేకుండా నిలబడింది.
"వచ్చిందా?"
వచ్చిందండి.
"నిజంగా?"
ఇద్దరం కిందికి చూస్తున్నాం, నేల మొహంలో ఏదో కనబడేటట్టు.
గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.
పిల్లకి జ్వరం చూసినట్టు
అరచెయ్యి తిప్పి, వెనకవైపు ఆనించింది.
చాలాసేపు తియ్యలేదు.
తర్వాత ఆ చేతినే
పాదం మీద పెట్టుకుంది.

ఏప్రిల్లో ఫోను చేసింది.
"ఇవే గొట్టాల్లో బోరునీళ్లు తిప్పితే చల్లగా ఉంటుందా?"
ఉంటుందండి,
కానీ మన గాలికి నేలకి చెమట పడుద్ది, జారతారు.
"చెమట పట్టని నేల ఉందా ఈ ఊళ్లో" అని
ఫోను పెట్టేసింది.
వెనకాల మిషను ఆడుతున్న చప్పుడు.