ఖాళీ గడి

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు
కంప్యూటర్ కూడా తుమ్ముతదేమో అనిపిస్తది.
నా తెర మీద పట్టికలు:
రైతులది ఒకటి, లాట్లది ఒకటి, కాంటాది ఇంకొకటి.
మూడింటిని కలిపి కుట్టే దారం
ఒక్క నంబరు.

ఇదివరకు గుమాస్తా ఓదెలు
ఎర్రబట్ట చిట్టాల రాసేటోడు.
ఒక్క పేరు నాలుగు పేజీలల్ల, నాలుగు తీర్ల.
ఒకతాన దిద్దితే మూడుతాన్ల తప్పు బతికే ఉండేది.
కానీ ఎవరికెవరు వియ్యంకుడో,
ఎవరి బాకీ ఎవరి బస్తాల దాగిందో
గీతలు గీతలుగ ఆయన తలకాయలనే ఉండేది.
అదీ ఒక రకం డేటాబేసేనని
హన్మకొండ కోచింగుల చెప్పినంక తెలిసింది నాకు.

ఇయ్యాల కౌలుకు చేసే కొమురమ్మ
పదకొండు బస్తాల తేజ దించింది.
పాసుబుక్కు నంబరు అడిగింది సిస్టం.
భూమి ఆమెది కాదు.
సున్నా కొట్టిన.
సున్నా కూడా అంకెనే, అసుంటి నంబరు లేదంది.
ఖాళీ ఇడిసిన.
గడి ఎర్రగైంది, మిరపకాయ లెక్క.

వెనుక లైను దగ్గుతుంది.
"ఎక్కిందా బిడ్డా?"

ఓదెలు చిట్టాకు పక్కన జాగ ఉండేది,
ఎందుల ఇమడనోళ్లను అండ్ల రాసేటోడు.
నా పట్టికకు ఆ జాగ లేదు.

గేటు చీటీ తిప్పి
పెన్నుతోని రాసిన:
కొమురమ్మ, పదకొండు.