పద్దెనిమిది కిలోవోల్టుల దగ్గర

చిత్తూరు దాటాక పుత్తూరు రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, దాని వెనక రేకుల షెడ్డు.
తోతాపురి కాలం అయిపోవస్తోంది.
టెంకల గుట్ట మీద ఈగలు,
గుట్ట చుట్టూ పులిసిన తీపి కంపు.
ఊళ్ళోవాళ్ళు ఇప్పటికి మూడు పిటిషన్లు పెట్టారు.

ఆ కంపుని పట్టుకోడానికే వచ్చాను
ఒక గాజు గొట్టంతో.
మధ్యలో స్టీలు కడ్డీ, పైన రాగి వల,
గాజుకీ కడ్డీకీ నడుమ గోరంత సందు.
ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది దొరసామన్న,
బోరు మోటార్లకు వైండింగ్ చేసే చేతుల్తోనే.

స్విచ్చి వేస్తే
సందంతా వంగపూత రంగు వెలుగు.
సెకనుకు వేల మెరుపులు,
ఒక్కదానికీ ఉరుము లేదు;
కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు
సన్నటి చప్పుడు, అంతే.

పన్నెండు కిలోవోల్టులకు కంపు సగమైంది.
పద్నాలుక్కి పావు.
పదహారు దగ్గర దొరసామన్న ముక్కెగబీల్చి
"ఏమీ లేదుమ్మా, వాన యెలిసినట్టుండాది" అన్నాడు.
అది ఓజోను, పీల్చొద్దని ఆయన్ని వెనక్కి లాగాను.

అక్కడ ఆగొచ్చు.
ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం బాగుంటుందని
నాకెవరు చెప్పారో!

పద్దెనిమిది.
ఓజోను ముల్లు జారి జారి సున్నా మీద పడుకుంది.
పొద్దుట్నించీ నిద్రపోతున్న పక్క ముల్లు లేచింది:
ఐదు, నలభై, రెండొందల పది.
గొట్టం చివర సీసాలో
పలచగా ఇటుకపొడి రంగు.
తడిపి వేలాడదీసిన నీలి లిట్మస్ కాగితం
తాంబూలం నమిలిన నాలుకైంది.

కంపుని విరిచాం, సరే.
దాంతోపాటు ఎవరి జోలికీ పోని నైట్రోజన్‌నీ విరిచాం.
గాలిలో ఐదింట నాలుగు పాళ్ళు అదే.
పీల్చినా పలకదు, వదిలినా అలగదు,
రెండేసి పరమాణువులు, మధ్య మూడు ముళ్ళు,
పొయ్యి పక్కనే ఉన్నా తలెత్తి చూడని కాపురం.
ఆ ముళ్ళు విప్పేంత బలం ఎలక్ట్రాన్లకి నేనే ఇచ్చాను,
ఎడంచేత్తో, టీ తాగుతూ.
ఒంటిదైన నైట్రోజన్ ఊరుకుంటుందా,
పక్కనున్న ఆక్సిజన్‌ని పట్టుకుంది.

"జాస్తి పెడితే మోటారు కాలతాది.
ఇది తాను కాలకుండా గాలిని కాలస్తా ఉండాది"
అని దొరసామన్న బయటికి నడిచాడు.

షెడ్డు వెనక ఆయనదే అరెకరం చెనిక్కాయ.
పోయిన నెల ఉరుముల వానకి చేను తేరుకుందట.
మెరుపు చేసేదీ నా గొట్టం చేసిన పనే.
అక్కడ వానలో కలిసి మట్టిలో దిగితే ఎరువు,
ఇక్కడ పొగగొట్టం ఎక్కితే
రొమ్ములో మంట.

ఒక మొక్క పెరికి చేతిలో పెట్టాడు.
వేళ్ళకి ఆవగింజలంత బుడిపెలు.
గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు.
ఇవీ ఆ మూడు ముళ్ళే విప్పుతాయి
చీకట్లో, తడిలో, చప్పుడు లేకుండా.
ఈ మాట ఆయనకి చెబుదామనుకుని
మట్టి దులిపి ఊరుకున్నాను.

మేనేజరు గజేంద్ర ఫోను:
"కంపు పోయిందంట గదా మేడం, అది రాసిచ్చేయండి.
ఆ రెండోది ఊరి దాకా పోతే వాసనే రాదు గదా."
నిజమే. వాసన రానిదాని మీద
పిటిషన్ పెట్టేవాళ్ళుండరు.

రెండూ రాశాను. రెండొందల పదిని
దిద్దకుండా రాశాను.
ఎర్రబడ్డ కాగితాన్ని పక్కనే పిన్ను కొట్టాను.

తిరిగొచ్చేసరికి దొరసామన్న
నాబ్ పదహారు దాటకుండా
రాగి తీగ చుట్టి మూడు ముళ్ళేస్తున్నాడు.
నా వైపోసారి చూసి
నాలుగోది కూడా వేశాడు.