మూడో పాటలో కంప్రెసర్

నెసాలో, బస్సులు తిరిగే మలుపులో నా పంక్చర్ల షాపు.
పైన ఒక గది. నాలుగేళ్లుగా అద్దె అడగలేదు,
అడిగినా వాళ్ల దగ్గర గిటార్లు తప్ప ఏమున్నాయి గనక.
ఎవెలియా బాస్ వాయిస్తుంది, ఫౌస్టినో డ్రమ్స్,
కళ్లద్దాల కుర్రాడొకడు కంప్యూటర్‌లోంచి
గాజు పురుగుల్లాంటివేవో పలికిస్తాడు.
శబ్దం బయటికి పోకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించుకున్నారు.
లోపలికొచ్చే శబ్దం సంగతి ఎవరికీ తట్టలేదు.

మూడో పాట రికార్డు చేస్తున్న రాత్రి
ఒక సిమెంటు లారీ వచ్చి ఆగింది, వెనక చక్రం చచ్చి.
నేను కంప్రెసర్ వేశాను.
డుగుడుగుడుగు, ఆపితే పొడుగ్గా ఒక నిట్టూర్పు.
తిట్టడానికి దిగుతారనుకున్నాను.
ఎవెలియా ఒక్కతే దిగింది, చేతిలో మైకుతో.
"మళ్లీ వెయ్యండి, దోన్ హెర్మీలో."
లారీ డ్రైవరు ఆ రాత్రి గంటన్నర కూర్చున్నాడు.
వాడి టైరు మాత్రం బండరాయిలా బిగిసింది.

ఆల్బమ్ అట్ట వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో
నా పేరు. పేరు పక్కన: కంప్రెసర్.
మా ఆవిడ భూతద్దం పెట్టి చదివి
కరెంటు బిల్లు కూడా వాళ్లనే కట్టమంది.

ఇప్పుడు లాస్ ఏంజిల్స్‌లో అవార్డులట.
రాక్, వీధి పాట, ఏ పేరూ అతకని మిగతా పాట,
మూడింటినీ ఒకే గాటన కట్టి
ఒకే ఒక్క బొమ్మ ఇస్తారట.
ఆ లెక్క నాకు తెలియంది కాదు.
సైకిలు ట్యూబూ, ట్రాక్టరు ట్యూబూ, పిల్లలు ఈతకి పట్టుకెళ్లే ట్యూబూ
నా దగ్గర ఒకే మేకుకి వేలాడతాయి.
మేకు ఒకటే ఉంది మరి.

టీవీలో చూపించే పూట కాదిది.
మధ్యాహ్నం, సగం కుర్చీలు ఖాళీగా ఉండగానే
చిన్న బహుమతులు గబగబా పంచేస్తారు.
ఫోన్ని సొల్యూషన్ డబ్బాకి ఆనించాను.
ఎవెలియా ఒక్క క్షణం కనిపించింది,
అరువు కోటు, చంకల దగ్గర పట్టేసింది.
పక్కన ప్యూర్టోరికో కుర్రాడు, పళ్ల మీద బంగారం.
వెనక వాల్పరైసో అక్కాచెల్లెళ్లు, ఒకరి వేళ్లు ఒకరు పిసుక్కుంటూ.
వేదిక మీద ఎవరో కవరు చింపారు.

సరిగ్గా అప్పుడే దిగాడు గ్యాస్ సిలిండర్ల వాడు.
"ముందు చక్రం. తొందరగా. అక్కడ పెళ్లివారి వంట ఆగిపోయింది."
ట్యూబు లాగాను, తొట్టిలో ముంచాను,
బుడగ పుట్టిన చోట వేలు పెట్టాను, అతికాను,
కంప్రెసర్ వేశాను.
దాని రొదలోనే
అది వాయించిన ఆల్బమ్ పేరు పిలిచారో లేదో
నాకు వినపడకుండా పోయింది.

చేతులు తుడుచుకునే సరికి వేరే విభాగం,
పెద్ద టోపీలవాళ్లు మెట్లెక్కుతున్నారు.
వెనక్కి జరిపి చూడటం నాకు రాదు.
వచ్చిన మనవడు ఫుట్‌బాల్‌కి పోయాడు.

రాత్రి తొమ్మిదికి ఫోను.
వెనక నవ్వులు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు.
"దోన్ హెర్మీలో, షాపు కట్టేశారా?"
"సగం షట్టర్ దించాను."
"ఒక్కసారి కంప్రెసర్ వెయ్యరూ. వీళ్లు నమ్మట్లేదు.
కంప్యూటర్‌లో చేశామంటున్నారు."
"ఎవరు వాళ్లు?"
"అందరూ. పెద్ద సభ లోపల జరుగుతోంది,
మేమంతా బయట టాకోల బండి దగ్గరున్నాం."

షట్టర్ ఎత్తాను. ఫోను నేల మీద పెట్టాను.
గొట్టం చివర ఏ టైరూ లేదు.
డుగుడుగుడుగు.
ఆపాక ఆ నిట్టూర్పు, ఎప్పటికన్నా కాస్త పొడుగ్గా.

అవతల ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత, ఆ బంగారు పళ్లవాడే అనుకుంటా,
బండి రేకు మీద అరచేత్తో మెల్లగా అందుకున్నాడు,
నా మోటారు ఎక్కడ వదిలేసిందో అక్కణ్ణుంచి.
ఇంకెవరో చెంచాతో కలిశారు.

ఎవరు గెలిచారని అడగబోయాను.
వెనకింట్లోంచి మా ఆవిడ కేకేసింది:
ఈ వేళప్పుడు ఎవరి టైరు?
ఎవరిదీ కాదన్నాను.