వెనక్కి ఇచ్చే బంతి

అరారీ మైదానంలో సున్నం గీతలు గీసేవాణ్ణి నేను,
ముప్పై ఒక్క ఏళ్లుగా.
నడుమ వలయం గీయాలంటే
మేకుకు తాడు కట్టి, డబ్బా వంచి
వెనక్కి వెనక్కి నడవాలి.
అలా నడుస్తూనే ఓ పొద్దున జోజివాన్‌ని గుద్దుకున్నాను.
తొమ్మిదేళ్లుంటాయేమో. కాళ్లకు చెప్పుల్లేవు.
"ఈ గుండ్రం దేనికి?"
ఆట మొదలెట్టడానికి.
"తర్వాత?"
తర్వాత దాని మొహం ఎవడూ చూడడు, అన్నాను.
వాడు వెళ్లి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

వాళ్లమ్మ దియోలిందా బబసు కాయలు కొట్టేది.
గొడ్డలిని మోకాలి కింద అదిమి, అంచు ఆకాశానికి పెట్టి,
అంచు మీద కాయ నిలిపి
కర్రతో ఒక్క దెబ్బ.
చూపు పక్కింటావిడ మీద, మాట ధరల మీద,
వేళ్లు మాత్రం పదీ పదిలంగా.
బంతి కాళ్ల దగ్గరున్నప్పుడు వాడూ తల దించేవాడు కాదు.
అది ఎక్కణ్ణుంచి వచ్చిందో
ఏ శిక్షకుడికీ తెలియదు. నాకు తెలుసు.

ఊరు వాడికి పెట్టిన పేరు పీత.
పక్కకీ వెనక్కీ తప్ప ఇవ్వడని.
"ముందుకు కొట్టరా!" అని అరిచేవాళ్లు
పుచ్చకాయ గింజలు ఉమ్ముతూ.
ఒరే, మీ ఇంటి వెనక మెయరీం నది
పున్నమికీ అమావాస్యకీ ఏం చేస్తోంది?
సముద్రం పొంగి నోట్లో దూరితే
గర్జిస్తూ వెనక్కి తిరుగుతుంది కదా,
చెట్లను పెళ్లగించుకుంటూ.
దాన్ని పిరికిది అన్నవాడు ఒక్కడున్నాడా?
ఇది నేను గట్టిగా అనలేదు. సున్నం డబ్బాతో అన్నాను.

పదిహేడేళ్లకు సావో లూయీస్, ఇరవైకి కల్మార్.
స్వీడన్ అట. ఫోన్లో మొదట చెప్పింది జీతం గురించి కాదు:
"తాతా, మంచు మీద గీతలు ఎర్రగా గీస్తారిక్కడ."
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ఎర్ర గీతలు!

ఒక ఆదివారం వాడి ఆట టీవీలో వచ్చింది.
క్షౌరశాల నిండా జనం, సగం గడ్డాలతో ఇద్దరు.
కెమెరా బంతి వెంట పోతుంది,
వీడు బంతి ఇచ్చేసి ఉంటాడు.
తొంభై నిమిషాల్లో మాకు దొరికింది
ఒక మోచెయ్యి, రెండుసార్లు వీపు.
దియోలిందా మోచేతిని గుర్తుపట్టింది.

ఆ తర్వాత సైప్రస్, లార్నాకా. నాలుగు నెలలు జీతం లేదు.
ఎడమ మోకాలికి మూడు కోతలు.
మొత్తం నాలుగువందల పన్నెండు ఆటలు,
ఏడు గోళ్లు, అందులో ఒకటి సొంత వలలోకే.
ఆ ఒక్కటీ బాగా కొట్టానంటాడు.

ముప్పై ఆరో ఏట తిరిగొచ్చి మా చిన్న జట్టుకు ఆడాడు.
చివరి రోజు, డెబ్భైమూడో నిమిషం,
చుట్టూ ముగ్గురు. బెంచీలన్నీ లేచి "ముందుకు" అంటున్నాయి.
వెనక గోల్‌కీపర్ యురాసీ, పదిహేడేళ్లు,
అంతకు ముందే ఒకటి వదిలేసి
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డవాడు.
జోజివాన్ వాడికే ఇచ్చాడు బంతి,
మెత్తగా, కుడి కాలికి,
నిద్రపోయే పిల్లను మంచం మార్చినట్టు.
ఈలలు, బూతులు.
కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు. అది నేను చూశాను,
గీత పక్కనే ఉన్నాను కాబట్టి.
మరుక్షణం అంకెల పలక లేచింది. అయిదో నంబరు బయటికి.

ఇప్పుడు మేకు దగ్గర తాడు వాడే పట్టుకుంటాడు.
మోకాలు వంగదు, నిలబడే పట్టుకుంటాడు.
వదులైందిరా అని తిడతాను,
మీ కాలే వంకర అంటాడు.
నిన్న సగంలో సున్నం అయిపోయింది.
పిల్లలు ఆగలేదు,
ఆ సగం వలయంతోనే మొదలెట్టేశారు.